స్థితి అనే గడి

రాత్రి రెండున్నరకి తెచ్చారు,
టార్పాలిన్ కప్పి, కొబ్బరితాళ్ళు బిగించి,
చెత్త లారీలో.
ముందొక పోలీసు జీపు, వెనకొకటి.
బతికుండగా కూడా ఇంత బందోబస్తు దక్కి ఉండదు.
క్రేన్ కరీముల్లా నన్ను లేపి
"ఎక్కడ దించమంటారు సార్" అన్నాడు.

సింగ్ నగర్ స్టోర్ యార్డులో చోటెక్కడిది?
మూలన పడ్డ దోమలమందు మిషన్లు,
పుష్కరాలకి కొన్న ఇనుప బారికేడ్లు,
కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్,
పేర్లు మారిన వీధుల పాత బోర్డులు.
బోర్డుల పక్కన వెల్లకిలా పడుకోబెట్టాం.
చాచిన చెయ్యి చాచినట్టే ఉంది,
ఆకాశంలో ఎవరినో
బయటికి పొమ్మంటున్నట్టు.

రిజిస్టరు తీశాను.
వస్తువు: విగ్రహం, ఒకటి.
లోహం: కంచు.
బరువు: తొమ్మిది క్వింటాళ్ళ చిల్లర, కాటా వేయలేదు.
పేరు: గోగినూతుల శేషాద్రి అప్పారావు.
స్థితి:
అక్కడ ఆగిపోయింది కలం.

బడి కట్టించాడు. నేను చదివింది ఆ బళ్ళోనే.
కాలవ గట్టు మీద నలభై ఒక్క గుడిసెలు
ఒకే రాత్రి తగలబెట్టించాడు. అదీ నిజమే.
మొదటిది ఫలకం మీద ఉంది.
రెండోది ఎక్కడా లేదు.

పదకొండు ఉత్తరాలొచ్చాయి ఇప్పటికి.
మనవళ్ళు మాకివ్వండంటారు, మామిడితోటలో పెట్టుకుంటారట.
ఒక సంఘం మళ్ళీ సెంటర్లోనే నిలబెట్టమంటుంది,
పాలాభిషేకానికి ముహూర్తం కూడా రాసి.
ఇంకో సంఘం ముక్కలు కోసి తూకానికి అమ్మమంటుంది.
మ్యూజియం వాళ్ళు ద్వారబంధం ఎత్తు చాలదన్నారు.
పై ఆఫీసు అన్నిటినీ
"తగు చర్య నిమిత్తం" అని నాకే తిప్పి పంపుతుంది.

బుడమేరు మీదపడిన ఆ ఆదివారం
యార్డులో బారికేడ్లు కూడా మునిగాయి.
నీళ్ళ పైన ఆయన చూపుడువేలు ఒక్కటే.
పాల ప్యాకెట్లు పంచే కుర్రాళ్ళు
పడవని ఆ వేలికే కట్టేసి
రెండు రోజులు డాబాలన్నీ తిరిగారు.
ఆ వేలు ఇంకొకరికి ఆసరా అవడం
అదే మొదలనుకుంటా.

నీళ్ళు తీశాక, బురద ఎత్తడానికొచ్చిన మేరీ సుగుణ
వాళ్ళ నాయనమ్మని వెంటేసుకొచ్చింది.
నాంచారమ్మ. ఎనభై దాటి ఉంటాయి.
"ఈడేనా?" అంది.
"సెంటర్లో జాంకాయలమ్మినన్నాళ్ళూ
ఈడి చెప్పులే కనపడేయి నాకు."
వంగి, కొంగుతో మొహమ్మీది బురద తుడిచింది,
జాలితో కాదు, చూద్దామని.
చాలాసేపు చూసింది.
"ఇంత చిన్న మొహమా" అంది.

అక్కడే చతికిలబడి పొగాకు కాడ తీసింది.
ఉత్తరాల సంగతి చెప్పాను.
కరిగించమంటున్నారంటే సంతోషిస్తుందనుకున్నాను.

"వద్దు బాబా.
కరిగిస్తే ఏ చెంబులో దూరతాడో, ఏ గంటై మోగుతాడో,
తిరిగి తిరిగి మా ఇంటికే వత్తాడో.
తెలీకుండా ఆడి చేతి నీళ్ళు తాగాల మేం.
ఇక్కడే ఉంచు. దిమ్మె వద్దు.
మడిసెత్తున, మొహం కనపడతా ఉండాల.
పక్కన మా అయ్య పేరు రాయి.
నలభై ఒక్క ఇళ్ళూ రాయి.
బడి సంగతి కూడా రాయి, అబద్ధమెందుకు."

ఆమెకి ఇరవై ఆరు గుర్తున్నాయి.
ఒక పాత వీధిబోర్డు వెనక్కి తిప్పి
తెల్ల పెయింటుతో రాశాం.
మిగతా పదిహేనుకీ సుగుణ
ఉత్త గీతలు గీసి వదిలింది,
తెలిసినవాళ్ళెవరైనా రాకపోతారా అని.
దీనికి అనుమతి లేదు.
నాకు మెమో రేపో మాపో వస్తుంది.

ఇవాళ ఆడిట్ వాళ్ళొచ్చారు.
"స్థితి గడి ఖాళీగా ఉందేం?"
తీసుకెళ్ళి చూపించాను.
ఒళ్ళంతా బురద చారలు.
వేలికి తాడు ఒరుసుకున్న చోట మాత్రం
వేలెడు మేర కంచు తళతళలాడుతోంది.
చూశారు. బోర్డూ చదివారు, ఇద్దరిలో ఒకాయన పెదాలు కదుపుతూ.
టీ తాగారు.
రిజిస్టర్లో ఎర్రసిరాతో
"ముందు కాటా వేయించవలెను" అని రాసి
వెళ్ళిపోయారు.